పద్మజ సర్దిన సూట్‌కేసు

టెక్సాస్‌లో మా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో పద్మజకి ఒక పేరుంది. ఇండియా వెళ్తున్నానని ఆమె నోరు జారితే చాలు, అందరికీ వచ్చినట్టే ఆమె చేతికీ పార్సిళ్ళు వస్తాయి. కాదనదు. కాకపోతే తెచ్చినవాళ్ళని సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళముందే కత్తెరతో పార్సిల్ కోసి, లోపలున్న ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి "ఇదేంటి? ఇదెందుకు?" అని అడుగుతుంది. పోయిన వేసవిలో పక్క బిల్డింగ్ గోపాల్ తన చెల్లెలికి పంపే డబ్బాని రంగు కాగితంలో చుట్టి, రిబ్బన్ కట్టి మరీ తెచ్చాడు. పద్మజ ఆ రిబ్బన్ కోసింది. "మేం స్మగ్లర్లలాగా కనిపిస్తున్నామా మీకు?" అని మొహం మాడ్చుకుని, డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ కబురు గుడికీ, అక్కణ్ణుంచి ఇండియన్ స్టోర్‌కీ, స్టోర్ నుంచి, తలా ఒక వంట తెచ్చుకునే శనివారం పాట్‌లక్‌కీ చేరింది. పొగరు అన్నారు కొందరు. మనుషుల మీద నమ్మకం లేనిది అన్నారు ఇంకొందరు.

నాకు ఒళ్ళు మండింది. నేను పద్మజ వాళ్ళ పై అంతస్తులోనే ఉంటాను, నన్ను వసంతక్కా అని పిలుస్తుంది, ఆమె సంగతి నాకు తెలుసు. పాట్‌లక్‌లో పప్పుచారు పోసుకుంటూ మాట్లాడేవాళ్ళకి ఏం తెలుసు? వాళ్ళకి చెప్పినా వినరు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

పద్మజది ఏలూరు. 2003లో పెళ్ళయిన వెంటనే భాస్కర్‌తో వచ్చింది. ఎంకామ్ చదివింది. చదివి ఏం లాభం? డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్యలు ఆ రోజుల్లో ఉద్యోగం చేయకూడదు. ఐదేళ్ళు ఇంట్లో కూర్చుంది. భాస్కర్ మంచివాడే, మాట అనే మనిషి కాదు. అయినా కరివేపాకు కట్ట కొనాలన్నా అతని కార్డే తియ్యాలి, అది ఆమెకి గుచ్చుకునేది. 2008లో గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఆ వెంటనే ఇర్వింగ్‌లోనే, లాస్ కొలీనాస్ వైపు ఒక రెండు గదుల ఆఫీసులో పని దొరికింది.

"ఏం కంపెనీయే?" అని అడిగాను.

"బేస్‌బాల్ టీమ్ అక్కా. జపాన్ వాళ్ళది."

"జపాన్ వాళ్ళ బేస్‌బాల్‌కి ఇర్వింగ్‌లో ఆఫీసెందుకు? అయినా నీకు బేస్‌బాల్ తెలుసా?"

"తెలీదు. వాళ్ళు అడగలేదు కూడా," అని పకపకా నవ్వింది.

జట్టు పేరు హరిమా క్రేన్స్. క్రేన్ అంటే కొంగ కాబట్టి మా ఇంట్లో దాన్ని కొంగల జట్టు అనేవాళ్ళం. పశ్చిమ జపాన్‌లో ఒక మాదిరి ఊరిది. అక్కడి జట్లలో కొద్దిమంది విదేశీయులు కూడా ఆడతారు. అక్టోబర్‌లో ఆటల కాలం ముగియగానే అమెరికాలో బోలెడంతమంది ఆటగాళ్ళ కాంట్రాక్టులు అయిపోతాయి. వాళ్ళని ఫ్రీ ఏజెంట్లు అంటారు. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళవచ్చు. గొప్పవాళ్ళు జపాన్ వైపు కన్నెత్తి చూడరు. ఇక్కడి పెద్ద లీగ్‌లో నిలదొక్కుకోలేక, చిన్న లీగ్‌లో మురిగిపోలేక మధ్యలో ఇరుక్కున్నవాళ్ళు ఉంటారు కదా, చలికాలమంతా వాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి ఒప్పించడం ఈ ఆఫీసు పని. టెక్సాస్‌లో అలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఆఫీసులో ఉండేది మొరితా గారు ఒక్కడే. యాభై దాటిన సన్నటి మనిషి. శనివారం కూడా టై కట్టేవాడు. భార్యాపిల్లలు జపాన్‌లో. పద్మజ తీసుకెళ్ళే పులిహోరని చాప్‌స్టిక్స్‌తో ఒక్క మెతుకు వదలకుండా తినేవాడట. ఆయన పద్మజని ఇంటర్వ్యూలో అడిగింది ఒకటే, వీసా కాగితాలు నింపడం వచ్చా అని. వీసా కాగితాల గురించి మనవాళ్ళని అడగడమా! ఒక అమెరికన్, ఏడాది కాంట్రాక్ట్ మీద, పాస్‌పోర్ట్‌లో వీసా వేయించుకుని, భాష రాని ఊరికి వెళ్ళాలి. పని నచ్చకపోతే వాళ్ళు పొమ్మంటారు, పోవాలి. వెనకాల భార్య, చిన్నపిల్లలు. ఇందులో మనకి తెలియనిది ఏముంది?

మొదటి చలికాలంలోనే పద్మజకి ఒక విషయం అర్థమైంది. మొరితా గారు ఆటగాడితో గంటలకొద్దీ మాట్లాడతాడు. అతను ఊ అంటాడు, ఊగుతాడు, చివరికి భార్య మొహం చూస్తాడు. తేల్చేది ఆవిడ. ఆ తర్వాత నుంచి మొరితా గారు వెళ్ళిన ప్రతి ఇంటికీ పద్మజ కూడా వెళ్ళేది. ఆయన ముందుగదిలో, ఆమె వంటగదిలో.

2011 మార్చిలో జపాన్‌లో ఆ పెద్ద భూకంపం వచ్చింది, అణు రియాక్టర్ దెబ్బతింది. హరిమాకి ఏమీ కాలేదు, అది ఎక్కడో దూరం. కానీ అమెరికాలో ఆ మాట వినేదెవరు? జపాన్ అనగానే రేడియేషన్ అని తలుపు వేసేవారు. కొంగల జట్టు అప్పటికే వరసగా అడుగున ఉంది. అంతకుముందు చలికాలంలో కూడా మొరితా గారికి ఒక్క ఆటగాడూ దొరకలేదు. ఆ అక్టోబర్‌లో ఆయన పద్మజతో సూటిగా చెప్పేశాడు, ఈసారి కూడా ఎవరూ రాకపోతే ఈ ఆఫీసు మూసేస్తారని.

ఆ సాయంత్రం పద్మజ మా మెట్ల మీద కూర్చుని చెప్పింది. "వేరేది వెతుక్కుందువులే" అన్నాను, ఓదార్పుగా.

"వేరేది కాదక్కా. నాకు ఇదే కావాలి. ఈ దేశంలో నన్నెవరైనా భాస్కర్ వైఫ్ అనకుండా పద్మజ అని పిలుస్తున్నారంటే ఆ గదిలోనే." కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వెళ్ళి టీ పెట్టాను.

ఆ చలికాలం వాళ్ళకి మిగిలిన ఆశ డారెల్ అనే అతను. ఎడమచేతి వాటం, బంతిని బలంగా బాదుతాడు, ముప్పై రెండేళ్ళు. ఇల్లు ఫోర్ట్‌వర్త్ దాటాక వెదర్‌ఫర్డ్‌లో. ఇక్కడి జట్టు ఒకటి అతన్ని ప్రాక్టీస్ క్యాంప్‌కి రమ్మంది. తీసుకుంటామని మాత్రం మాటివ్వలేదు. కొంగలు ఏడాదికి గట్టి కాంట్రాక్ట్ ఇస్తామన్నాయి. డారెల్‌కి వెళ్ళాలనే ఉంది. భార్య షెల్లీకి లేదు. వాళ్ళకి కోల్బీ అని నాలుగేళ్ళ కొడుకు. డిసెంబర్ వస్తే ఇక్కడ సీడర్ చెట్ల పుప్పొడి ఎగిరి సగం టెక్సాస్ తుమ్ముతుంది కదా, ఆ పిల్లాడికి మరీ ఎక్కువ. ముక్కు పట్టేసి ఊపిరాడక ఏడ్చేవాడు.

పద్మజ వాళ్ళింటికి మూడుసార్లు వెళ్ళింది. మ్యాప్ తీసి హరిమా ఎక్కడుందో, రియాక్టర్ ఎక్కడుందో చూపించింది. ఇంటర్నేషనల్ స్కూల్ ఫోటోలు చూపించింది. షెల్లీ మర్యాదగా తలాడించేది, అంతే. మూడోసారి గిన్నెలు కడుగుతూ షెల్లీ చేతులు ఆపేసింది.

"వీడికి ముక్కు పట్టేస్తే నేను మందుల షాపుకెళ్ళి డబ్బా మీద ఏం రాసుందో కూడా చదవలేను. ఎవరినీ అడగలేను. నాకు భయంగా ఉంది పద్మజా. రేడియేషన్‌కి కాదు, దీనికే."

ఆ ఇంగ్లీషు మాటలు విన్నాక పద్మజ మ్యాప్ మడిచి పక్కన పెట్టేసిందట. తను ఎలా వచ్చిందో చెప్పింది. ఏలూరులో వాళ్ళమ్మ రెండు సూట్‌కేసులు సర్దింది. కందిపొడి, ఊరగాయలు, ప్రెషర్ కుక్కర్, జ్వరానికి మాత్రలు, దగ్గుకి మందు, విక్స్ డబ్బాలు. "ఇక్కడికొచ్చిన ఆరునెలలు నేను ఆ సూట్‌కేసుల్లోనే బతికాను. నువ్వు భయపడకు. నీ సూట్‌కేసు నేను సర్దుతా. ఏడాదిపాటు నువ్వు ఏ షాపుకీ వెళ్ళక్కర్లేదు."

షెల్లీ ఆమెని కావిలించుకుంది. మర్నాడు డారెల్ ఫోన్ చేసి వస్తానన్నాడు. జనవరి మొదట్లో సంతకం అయింది. మొరితా గారు ఆఫీసులో లేచి నిలబడి పద్మజకి నడుం వంచి నమస్కారం పెట్టాడట. ఆ రోజు పద్మజ మా ఇంటికి జున్ను పట్టుకొచ్చింది. ఇర్వింగ్‌లో జున్నుపాలు ఎక్కడివని అడగకండి, పాలపొడితో చేసింది. అయినా బాగుంది.

ఇక సర్దడం మొదలైంది. ఆఫీసులోనే, బల్ల పక్కన, బాత్రూమ్ నుంచి తెచ్చిన బరువు మిషన్ పెట్టుకుని. పీనట్ బటర్, చీజ్ మ్యాకరోనీ పెట్టెలు, పాన్‌కేక్ పొడి, పిల్లాడికి అలవాటైన క్రాకర్లు. ఆ తర్వాత మందులు. ముక్కు పట్టేస్తే వేసే మాత్రలు కోల్బీకీ పనికొస్తాయి, పెద్దవాళ్ళకీ పనికొస్తాయి. వాటిని ఇక్కడ షాపులో కౌంటర్ వెనకాల పెడతారు, డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తేనే ఇస్తారు, అదీ మనిషికి ఇంతని. అంత కట్టడి దేనికోసమో పద్మజ ఆలోచించలేదు. మనవాళ్ళం ఆలోచిస్తామా? భాస్కర్‌ని పంపింది, భాస్కర్ ఆఫీసులో శశికాంత్‌ని పంపింది, తను వెళ్ళింది. ఏడాదికి సరిపడా పోగుచేసింది. డబ్బాలు చోటు తింటున్నాయని మాత్రల అట్టలు బయటికి తీసి, రబ్బరు బ్యాండ్లు వేసి, సాక్సుల్లో దూర్చింది. మా అమ్మ కూడా అలాగే దూర్చేది. మీ అమ్మ కూడా దూర్చే ఉంటుంది.

సూట్‌కేసు మూత పడలేదు. మొరితా గారు టై సర్దుకుని వచ్చి, మూత మీద కూర్చున్నాడు. పద్మజ జిప్పు లాగింది. హ్యాండిల్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి, పైన లావుపాటి మార్కర్‌తో షెల్లీ పేరు రాసింది.

వాళ్ళని సాగనంపడానికి ఎయిర్‌పోర్ట్‌కి కూడా పద్మజే వెళ్ళింది. లైన్‌లో నిలబడినప్పుడు షెల్లీ చెవిలో ఒక మాట చెప్పింది. "సామాను నువ్వే సర్దుకున్నావా అని అడుగుతారు. అవును అను. ఇక్కడా అంతే, అక్కడా అంతే."

"కానీ సర్దింది నువ్వు కదా?" అంది షెల్లీ.

"అందరూ అవుననే అంటారు. కాదంటే మొత్తం విప్పిస్తారు. మేమంతా అలాగే వచ్చాం."

నిజమే. మనలో ఎవరం కాదన్నాం? పక్కింటివాళ్ళ అప్పడాలు మోస్తూ, ఎవరో తెలియని మనిషి అల్లుడికి పంపిన డబ్బా మోస్తూ, అంతా నేనే సర్దుకున్నానని గుండె మీద చెయ్యేసుకుని చెప్పినవాళ్ళమే.

వాళ్ళు జపాన్‌లో దిగే రోజు ఉదయం పద్మజ లంచ్‌బాక్స్ పట్టుకుని ఆఫీసుకి వెళ్ళేసరికి మొరితా గారు ఫోన్ దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడ అప్పటికే రాత్రయింది. డారెల్‌కి స్వాగతం చెప్పడానికి జట్టువాళ్ళు పూలగుత్తితో, పత్రికలవాళ్ళు కెమెరాలతో బయట నిలబడ్డారు. లోపలినుంచి ఎవరూ రాలేదు. కస్టమ్స్ వాళ్ళు ఎర్ర రిబ్బన్ సూట్‌కేసు తెరిచారు. సాక్సుల్లోంచి మాత్రలు వచ్చాయి. ఆ మందు జపాన్‌లోకి రానివ్వరు. అందులో ఉన్నదాంతో మత్తుపదార్థం తయారుచేస్తారట, అందుకే ఇక్కడ కౌంటర్ వెనక పెట్టేది, అక్కడ ఏకంగా నిషేధం. ఒకటో రెండో అట్టలైతే తీసేసుకుని పంపేసేవారేమో. సంచెడు మాత్రలు సాక్సుల్లో దాచి తెస్తే ఎవరైనా ఏమనుకుంటారు?

"సామాను మీరే సర్దుకున్నారా?" అని షెల్లీని అడిగారు. అవునంది. "అయితే ఈ సంచిలో ఏముంది?" అన్నారు. చెప్పలేకపోయింది. "ఇవెందుకు?" చెప్పలేకపోయింది. మళ్ళీ సర్దిందెవరని అడిగారు. మళ్ళీ నేనే అంది. పిల్లాడు కుర్చీలో నిద్రపోయాడు. డారెల్ అరిచాడు, అది ఇంకా చెరుపు చేసింది. తేలకపోతే ముగ్గురినీ తిరుగు విమానం ఎక్కిస్తామన్నారు.

"నీకు నిజం చెబుతాను అక్కా," అంది పద్మజ తర్వాత నాతో. "నోరు మూసుకుంటే నా పేరు బయటికి రాదు. ఆ అమ్మాయి చెప్పట్లేదు కదా, నన్ను కాపాడుతోంది కదా, అని ఒక్క క్షణం అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అనుకున్నాను. ఆ పిల్లాడు కుర్చీలో నిద్రపోయాడని చెప్పారు చూడు, ఇంక నావల్ల కాలేదు."

లంచ్‌బాక్స్ బల్లమీద పెట్టి చెప్పింది. "ఆ సూట్‌కేసు నేను సర్దాను. అవునని చెప్పమని నేర్పింది కూడా నేనే. నా పేరు చెప్పండి. కాగితం మీద రాసి ఇప్పుడే ఫ్యాక్స్ చేస్తా."

ఆ మాటతో ఉద్యోగం పోయిందని ఆమెకి తెలుసు. డారెల్ వెనక్కొస్తే ఆఫీసు మూత, రాకపోతే తను బయటికి. రెండిట్లో ఏదైనా ఆ గదిలో తనకి చోటు లేదు. అయినా రాసింది. సంతకం పెట్టింది.

మొరితా గారు ఆ కాగితం చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకున్నాడు. ఫోన్ ఎత్తి కస్టమ్స్ ఆఫీసర్‌తో జపానీలో చాలాసేపు మాట్లాడాడు. అవతలివాడికి కనబడదు కదా, అయినా వంగి వంగి దండాలు పెట్టాడు. పద్మజ తన పేరు ఎప్పుడొస్తుందా అని వింటూ నిలబడింది. భాష రాకపోయినా పేరు తెలుస్తుంది కదా. పేరు వచ్చింది. మొరితా అని. మళ్ళీ మొరితా అని. పద్మజ అని ఒక్కసారి కూడా రాలేదు.

కొంతసేపటికి షెల్లీ వాళ్ళని వదిలేశారని కబురొచ్చింది. మాత్రలు తీసేసుకున్నారు, క్షమాపణ పత్రం రాయించుకున్నారు, పీనట్ బటర్ వదిలేశారు. మర్నాడు అక్కడి పత్రికల్లో ఎర్ర రిబ్బన్ సూట్‌కేసు ఫోటో పడింది. జట్టు పెద్దలు కెమెరాల ముందు వరసగా నిలబడి, క్షమించమని నడుం వంచారు. ఆ వారంలోనే మొరితా గారిని వెనక్కి పిలిచారు. ఇంక ఆటగాళ్ళ వెంట తిరగనక్కర్లేదు, స్టేడియంలో టికెట్ల విభాగంలో కూర్చోమన్నారు. డారెల్ వచ్చాడు కాబట్టి ఇర్వింగ్ ఆఫీసు ఉంటుంది, ప్రస్తుతానికి పద్మజ చూసుకుంటుంది అన్నారు.

పద్మజ అన్నం మానేసింది. భాస్కర్ వచ్చి "నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. చెప్పడానికి వెళ్తే నామీదే అరిచింది. "నేను చేసిన తప్పుకి ఆయన్ని పంపేస్తున్నారక్కా! నా కుర్చీ నాకు మిగిలింది. ఎందుకది నాకు?"

ఆయన్ని కూడా అడిగేసింది. ఆఫీసులో పుస్తకాలు పెట్టెల్లో పెడుతున్నాడట అప్పుడు.

"నేను సర్దానని మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వు సర్దావు," అన్నాడు మొరితా గారు. "నీకు తెలియదు. నేను జపాన్‌వాణ్ణి, అక్కడ ఏది రానివ్వరో నాకు తెలుసు. ఈ గదిలోనే సర్దావు. నేను లోపల ఏముందని ఒక్కసారి కూడా అడగలేదు." చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టి అన్నాడు. "మూత మీద కూర్చున్నది నేను."

ఆయన వెళ్ళేరోజు పద్మజ పెందలాడే లేచి గోంగూర పచ్చడి చేసింది. కొత్త సీసాలో పెట్టి, నూనె కారకుండా మూతకి టేపు చుట్టింది. దానికి ముందు జపాన్ కస్టమ్స్ నిబంధనలు మొత్తం ప్రింట్ తీసి చదివింది. పచ్చళ్ళు తీసుకెళ్ళవచ్చని ఉన్నచోట గీత గీసింది. ఎయిర్‌పోర్ట్‌కి నేనే కార్ డ్రైవ్ చేశాను. అందుకే ఇది విన్న మాట కాదు, చూసిన మాట.

సీసా చేతికి ఇవ్వగానే మొరితా గారు సూట్‌కేసు నేలమీద పెట్టి తెరిచాడు. సీసా వెంటనే లోపల పెట్టలేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని అడిగాడు.

"ఇందులో ఏముంది?"

"గోంగూర. అది ఒక ఆకు."

"ఇంకా?"

"ఎండుమిరపకాయలు. వెల్లుల్లి. ఉప్పు. నూనె." పద్మజ గుర్తు చేసుకుంటూ చెప్పింది. "ఆవాలు, మెంతులు. అంతే."

ఆయన ఒక్కొక్కటే వేలు మడుస్తూ తిరిగి అప్పజెప్పాడు. గోంగూర అన్నది నోరు తిరగలేదు, పద్మజ మళ్ళీ చెప్పింది, ఆయన మళ్ళీ అన్నాడు. అప్పుడు సీసాని తన చొక్కాలో చుట్టి, తన చేత్తోనే సూట్‌కేసులో పెట్టుకుని, మూత వేసుకున్నాడు.

"అడుగుతారు కదా," అన్నాడు. "పద్మజ ఇచ్చింది, నేను సర్దుకున్నాను అని చెబుతాను."